చేతిసాయం

పరీక్షాకేంద్రంలో నర్సు హైమవతి తెరమీద నడవా ఖాళీ అయిందని చూసుకుని తర్వాతి మనిషిని పిలిచింది. మస్తాన్‌బీ చెప్పులు గోడవార విడిచి నడక మొదలుపెట్టింది. ఆమె పెద్దసిరలో పరీక్షకోసం అమర్చిన ప్రాణవలయం అడుగడుగుకీ తెరుచుకుని రక్తంలోకి ప్రాణవాయువు వదులుతోంది. పరీక్ష ఫలితం తేల్చే యంత్రం, తీర్పరి, పైనుంచి అంకెలు చదువుతోంది. తీర్పరికి తెలిసిన మనిషి నడుస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, పడుకుంటాడు. అంతకుమించి ఇంకో భంగిమ ఉందని దానికి ఎవరూ నేర్పలేదు.

నేర్పినవాళ్ళు మార్కాపురం పలకల షెడ్డు గుమ్మం తొక్కితే కదా! అక్కడ రాయి చీల్చేవాళ్ళు పొద్దస్తమానం గొంతుక్కూర్చునే ఉంటారు. ఆ రాతిదుమ్మే ఊపిరితిత్తుల్లో పేరుకుని మస్తాన్‌బీని ఇక్కడిదాకా తెచ్చింది.

సగం దూరంలో ఆమెకు ఆయాసం వచ్చింది. అలవాటుకొద్దీ గోడపక్కన గొంతుక్కూర్చుంది. మోకాళ్ళు కడుపుని నొక్కాయి, పడుకున్నప్పటిలాగే సిరలో ఒత్తిడి పెరిగింది. మనిషి నిద్రపోయిందనుకుని వలయం మూసుకుపోయింది. పెదవులు నల్లబడుతుంటే హైమవతి చేతిసాయం మీట నొక్కింది. వలయం తెరుచుకుంది.

“చేతిసాయం అందింది. ఈ రోగి లెక్కలోంచి తొలగింపు,” అంది తీర్పరి.

వారం నుంచీ ఇదే తంతు. కాపాడిన ప్రతి మనిషితోపాటు వలయం తప్పూ లెక్కలోంచి మాయమవుతోంది. హైమవతికి అరికాలి మంట నెత్తికెక్కింది. పై అంతస్తులో ఉన్న పరీక్షాధికారి ప్రవర్ధన్‌ని స్పీకర్‌లో పిలిచింది.

“సర్, గొంతుక్కూర్చుంటే వలయం మూసుకుపోతోంది. ఆ సంగతి నివేదికలో ఎక్కడా లేదు.”

“చేతిసాయం తీసుకున్నవాళ్ళు లెక్కలోకి రారు హైమా. అది నియమం.”

“ఇవ్వకపోతే మనిషి పోతుంది సర్.”

“ఇవ్వొద్దని ఎవరన్నారు? రోగులకిచ్చే సూచనల్లో గొంతుక్కూర్చోరాదని రాసేద్దాం. సాయంత్రం ఆఖరి నడక అవగానే వలయం మీద తీర్పు వస్తుంది. రేపు అందర్నీ ఇళ్ళకు పంపేద్దాం.”

గొంతుక్కూర్చోరాదట! పలకలు చీల్చడం, అంట్లు తోమడం, పొయ్యి ఊదడం కూడా మానెయ్యమని రాస్తే ఓ పనైపోయేది. ఆ మాటన్నవాడు జన్మలో అంట్లగిన్నెల ముందు కూర్చున్న పాపాన పోలేదు.

మస్తాన్‌బీ అంతా విన్నది. “ఈడంటే నువ్వు తెరిచినావమ్మా. ఇంటికాడ ఎవురు తెరుస్తారు?”

హైమవతి మీట వైపు చూసింది. అది ఈ కేంద్రం దాటి రాదు.

“లెక్కలోంచి నన్ను తీసేసినారు, సరే. కడుపులో ఇది మాత్రం నాకాడే ఉందిగా? పెద్ద హాల్లో ఉన్నోళ్ళంతా మా పలకపనోళ్ళే. వాళ్ళకి చెప్పొద్దా?”

“చెప్పాలి,” అంది హైమవతి. “సాయంత్రం అందరూ ఇక్కడికే వస్తారుగా.”

సాయంత్రం లెక్కలో మిగిలినవాళ్ళంతా ఆఖరి నడకకు నడవాలో వరసగా నిలబడ్డారు. జరిగింది హైమవతి దాచకుండా చెప్పింది. వరసలో ఎవరో బూతు తిట్టారు. ఆ తిట్టు న్యాయమే అనిపించింది ఆమెకు.

“ముందు అందరి వలయాలూ నేనే తెరిచి ఉంచుతాను,” అంది. “ఆ తర్వాత మీ ఇష్టం.”

అందరి పేర్లూ ఎంచుకుని మీట నొక్కింది. వలయాలన్నీ తెరుచుకున్నట్టు తెరమీద పచ్చ చుక్కలు వెలిగాయి. మస్తాన్‌బీ ముందుకొచ్చి నేలమీద గొంతుక్కూర్చుంది. ఆమె వెనక ఒక్కొక్కరే కూర్చున్నారు.

“చేతిసాయం అందింది. తొలగింపు. తొలగింపు. తొలగింపు,” అంటూ పోయింది తీర్పరి. “లెక్కలో ఎవరూ లేరు. తీర్పు ఇవ్వడం సాధ్యం కాదు. దయచేసి లేచి నడవండి.”

ఎవరూ లేవలేదు.

“హైమా, ఏంటిది?” స్పీకర్‌లో ప్రవర్ధన్ గొంతు కీచుగా వినిపించింది. “లేవమని చెప్పు వాళ్ళని!”

“నియమం ప్రకారమే చేతిసాయం ఇచ్చాను సర్. లేవమని మీరే చెప్పండి, వింటున్నారు.”

మస్తాన్‌బీ తలెత్తి స్పీకర్ వైపు చూసింది. వలయం తెరిచే ఉంది. ఆయాసంతో మాట మధ్యలో ఆగాల్సిన అవసరం రాలేదు.

“నువ్వే దిగొచ్చి మా పక్కన ఇట్టా కూసో నాయనా. అప్పుడు లేస్తాం.”