పద్నాలుగు రూల్సు, తొమ్మిది మంది ఆడపిల్లలు

2012 మే నెల. చిక్కడపల్లిలో ఒక సందులో నల్లా నీళ్లు వచ్చి పోయాయి. కమల బిందెలన్నీ సర్ది, ఉప్మా ప్లేట్లు బల్ల మీద పెట్టింది. విఠల్ పేపరు మడిచి కూతురి వైపు చూశాడు.

"రచనా, జర ఆగు. నారాయణగూడ దాక నా బండి మీదనే రా. అక్కడ బస్సెక్కుదువు."

"వద్దు నాన్న, నాకు వేరే పనున్నది," అని రచన సగం ఉప్మా ప్లేటులోనే వదిలి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఎప్పుడూ జీన్స్‌తో సాఫ్ట్‌వేర్ కంపెనీకి వెళ్లే పిల్ల ఇవాళ ఇస్త్రీ చీర కట్టుకుంది.

"ఈ పిల్లకు ఏదో పరేషాన్ పట్టుకున్నది," అంది కమల.

"నీ ఉప్మానే పరేషాన్ కావచ్చు."

కమల ఆయన చేతిలోని పేపరు లాక్కుంది. "అయితే మీరూ తినకుండనే పోండ్రి."

విఠల్ తిన్నాడు. ఇంకొంచెం పెట్టించుకుని మరీ తిన్నాడు.

నారాయణగూడలో ఒక ట్రస్టు నడిపే ఆడపిల్లల హాస్టల్‌కు ఆయన సూపరింటెండెంటు. జిల్లాల నుంచి డిగ్రీ చదవడానికి వచ్చే పిల్లలకు ఎనభై సీట్లుంటే, ఏటా జూన్‌లో నాలుగు వందల దరఖాస్తులు వచ్చేవి. ఇరవై ఆరేళ్లుగా వాటన్నిటినీ మొదట చదివేది విఠలే. ఆయన పెన్సిల్‌తో టిక్కు పెట్టాకే సెక్రటరీ ఉమాకాంత్ గారు సంతకం పెట్టేవారు. రిటైర్మెంటుకు ఇంకా ఏడాదిన్నర ఉంది.

దరఖాస్తులు చూడటానికి ఏదో కంప్యూటర్ పద్ధతి పెడతారనీ, కంపెనీ వాళ్లు ఇవాళ వస్తారనీ ఉమాకాంత్ గారు ముందే చెప్పారు. పదకొండింటికి వాళ్లు వచ్చారు. ముందు మేనేజరు, వెనకాల ల్యాప్‌టాప్ పట్టుకుని రచన.

విఠల్ కుర్చీలోంచి సగం లేచి ఆగిపోయాడు. రచన ఆయన కళ్లలోకి చూడకుండా, "నమస్తే సార్," అంది.

ఆ 'సార్' ఆయనకు చెంపదెబ్బలా తగిలింది.

మేనేజరు చెప్పమంటే రచనే వివరించింది. "దరఖాస్తు ఎవరి దగ్గర మొదలై, ఎవరి చేతుల మీదుగా ఎక్కడికి పోవాలె అన్నది ప్రాసెస్ సార్. అంటే అది నడిచే తొవ్వ. ఆ తొవ్వల ఏ మలుపు తిరగాల్నో చెప్పేది రూల్. మార్కులు ఇన్నుంటే ఇటు, లేకుంటే అటు. మా సాఫ్ట్‌వేర్ ప్లాట్‌ఫామ్‌ల ఈ రెండూ వేరువేరుగ ఉంటయి. మీ రూల్స్ ఇస్తే మేం ఎక్కిస్తం."

విఠల్ సొరుగులోంచి ట్రస్టువారి పాత పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. "పద్నాలుగు ఉన్నయి. రాసుకోండి," అన్నాడు. ఆ తర్వాత ఇంకొక్క మాట మాట్లాడలేదు.

సాయంత్రం ఇంట్లో మాత్రం మాట్లాడాడు. "ఇంట్ల నాన్న, ఆఫీసుల సార్. ఎప్పటి సంది ఇది?"

"నాకు పోయిన వారమే చెప్పిన్రు నాన్న. చెప్తే నువ్వు బాధపడతవని..."

"ఇప్పుడు బాధపడుతలేనా? నా కుర్చీ గుంజుకునేటందుకు నా బిడ్డనే వచ్చింది."

"నీ కుర్చీ ఎవరికి కావాలె నాన్న? నాకు దొరికిన మొదటి ప్రాజెక్టు ఇది."

ఆ రోజు నుంచి తండ్రీకూతుళ్లకు మాటలు లేవు. మధ్యలో కమల నలిగింది. "మీ నాన్నకు చారు కావాల్నేమో అడుగు," అని ఇటు, "మీ బిడ్డకు పెరుగు అందియ్యండి," అని అటు. వారం తిరిగేసరికి ఆమెకు విసుగొచ్చింది. "గిన్నెలు మధ్యల పెడుతున్న. కోపమున్నోళ్లు సొంతంగ వడ్డించుకోండ్రి," అని తన ప్లేటు తీసుకుని టీవీ ముందు కూర్చుంది.

మూడు వారాలకు కొత్త పద్ధతికి పరీక్ష పెట్టారు. నిరుటి దరఖాస్తులన్నీ ఎక్కిస్తే, విఠల్ నెల రోజులు చూసే పనిని మిషన్ రెండు నిమిషాల్లో తేల్చింది. ఒక్క తేడా మాత్రం వచ్చింది. విఠల్ సీటిచ్చిన పిల్లల్లో తొమ్మిది మందిని అది పక్కకు తోసింది. 'నియమాలకు విరుద్ధంగా తొమ్మిది సీట్లు' అని మేనేజరు రిపోర్టు తయారుచేశాడు. సోమవారం దాన్ని ఉమాకాంత్ గారి ముందు పెడతారు.

శనివారం సాయంత్రం రచన ఆ కాగితం తెచ్చి తండ్రి ముందు నిలబడింది. "నాన్న, ఈ తొమ్మిది మందికి ఎవరి రికమెండేషన్?"

విఠల్ కాగితం చదివాడు. ముందు కోపం వచ్చింది. తర్వాత ఎందుకో నవ్వొచ్చింది.

"రేపు పొద్దున బండెక్కు. చూపిస్త," అన్నాడు.

ఆదివారం స్కూటర్ ముషీరాబాద్‌లో ఒక సగం కట్టిన బిల్డింగు ముందు ఆగింది. పక్కనే రేకుల గుడిసె. ఆ తొమ్మిది మందిలో ఒకరైన ప్రేమ తల్లి మాసమ్మ సిమెంటు చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది. ఆమె భర్త ఆశన్న పైఅంతస్తులో ఇటుకలు పేరుస్తున్నాడు. పాలమూరు నుంచి వలస వచ్చిన వాళ్లు. ఒక బిల్డింగు పూర్తయితే గుడిసె పీకి ఇంకో బిల్డింగు దగ్గర వేసుకుంటారు.

"సారు మల్ల ఒచ్చిండా? మా ప్రేమ ఏమన్న తప్పు జేసిందా సారు?"

"ఏం లేదమ్మా. నా బిడ్డకు మిమ్మల్ని చూపిద్దామని తీసుకొచ్చిన."

"మా పిల్ల కాలేజీల ఫస్టంట," అంది మాసమ్మ రచనతో, గర్వంగా. "ఈడుంటే కరెంటే లేకపాయె. ఏడ సదువుతది?"

తిరిగి వస్తుంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సిగ్నల్ పడింది. విఠల్ వెనక్కి తిరగకుండానే చెప్పాడు. "తల్లిదండ్రులు సిటీల ఉంటే సీటియ్యొద్దు. అది తొమ్మిదో రూలు. ఇల్లున్నోళ్ల కోసం రాసిన్రు అది. గుడిసె సంగతి రాసినోళ్లకు తోచలే. మిగిలిన ఎనిమిది మందిది కూడ ఇట్లనే ఒక్కొక్క కథ. అందరి ఇండ్లకు పోయి చూసొచ్చిన."

"మరి నాకు ఎందుకు చెప్పలే నాన్న?"

"నువ్వు రూల్స్ అడిగినవ్ కద. ఇచ్చిన." గొంతు తగ్గించాడు. "కోపంల చెప్పలే. తప్పు నాదే."

సోమవారం ఉమాకాంత్ గారు రిపోర్టు చేతిలో పెట్టుకుని విఠల్ వైపు చూస్తుండగానే రచన లేచింది.

"సార్, ఆ తేడాకు కారణం మేమే. పుస్తకంల ఏం రాసిందో అడిగినం గాని, సూపరింటెండెంటు గారు ఏం చేస్తరో అడగలే. ఐదు నిమిషాలు ఇవ్వండి."

మేనేజరు ముఖం చిట్లించాడు. రచన తెర మీద రూల్స్ పట్టిక తెరిచి, తొమ్మిదో రూలు కింద ఒక వరస చేర్చింది. తల్లిదండ్రులు సిటీలో ఉన్నా సొంతిల్లు గాని కిరాయిల్లు గాని లేకపోతే, దరఖాస్తును కొట్టెయ్యొద్దు. విఠల్ గారికి పంపాలి. ఆయన చూసి వచ్చి చెప్పాలి. అలాగే నిన్న దారిపొడుగునా విఠల్ చెప్పిన మిగతా ఎనిమిది మంది కథలకు ఇంకో నాలుగు వరసలు. మళ్లీ నడిపిస్తే ఆ తొమ్మిది పేర్లూ విఠల్ జాబితాలోకి వచ్చి కూర్చున్నాయి.

"మొత్తం మళ్ల చేయక్కర్లేదా?" అన్నారు ఉమాకాంత్ గారు.

"అక్కర్లేదు సార్. తొవ్వ అదే. మలుపులే మార్చినం."

"ఒక రూలు మార్చాలంటే మా కమిటీకి ఆరు నెలలు పడుతది," అని ఆయన నవ్వి, రిపోర్టును మేనేజరుకు తిరిగి ఇచ్చేశారు. "విఠల్ గారూ, మీ మనసుల ఇంకెన్ని ఉన్నయో అన్నీ చెప్పి రాయించండి. కమిటీతోని నేను మాట్లాడుత."

ఆ సాయంత్రం విఠల్ భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే చెబుతుంటే, రచన టైపు చేసింది. తండ్రి లేని పిల్ల. పెళ్లి తప్పించుకుని చదువుకు వచ్చిన పిల్ల. సర్టిఫికెట్ వరదలో పోయిన పిల్ల. కమల పల్లీలు వేయించి తెచ్చి పక్కనే కూర్చుంది.

"ఇరవై ఆరేండ్ల సంది ఇవన్నీ కడుపుల పెట్టుకున్నరా? నేను పాలు తెమ్మంటె మాత్రం గుర్తుండది," అంది.

విఠల్ నవ్వలేదు. నేను రిటైరయ్యాక వీళ్ల సంగతి ఎవరికి తెలిసేది అన్న ఆలోచన అప్పుడే తట్టింది ఆయనకు. కుర్చీ పోతుందనే భయపడ్డాడు గాని, ఆ కుర్చీతో పాటే ఇవన్నీ పోయేవని ఇన్నాళ్లూ తోచనే లేదు.

"ఇంకొకటి ఉన్నది," అన్నాడు మెల్లగా. "నేను కొత్తగ చేరిన ఏడాది. బుగ్గమ్మ అని మక్తల్ దిక్కు పిల్ల. ఒక్కరోజు ఆలస్యంగ వచ్చింది. బస్సు లేక నడిచొచ్చిన అన్నది. గడువు దాటిందని వాపస్ పంపిన. రూలు ప్రకారమే పంపిన. మళ్ల కనపడలే. ఆ తర్వాతనే నేను ఇండ్లకు పోయి చూసుడు మొదలుపెట్టింది."

ఈ మాట కమలకు కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆమె పల్లీల ప్లేటు పక్కకు జరిపి ఆయన దగ్గరగా కుర్చీ లాక్కుంది.

రచన కొత్త వరస తెరిచింది. గడువు దాటి మూడు రోజుల లోపు వస్తే కొట్టెయ్యొద్దు, కారణం అడగాలి.

"నాన్న, ప్రతి రూలుకు ఒక పేరు పెట్టాలె. దీనికి ఏం పెట్టుమంటవ్?"

విఠల్ కళ్లజోడు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా అద్దాలు మసకగానే కనిపించాయి.

"బుగ్గమ్మ అని పెట్టు బిడ్డా," అన్నాడు.