నమ్మినవాడి తూటా

మధ్యాహ్నం మూడు దాటింది... 1980 ఫిబ్రవరి నాటి సూర్యగ్రహణం! రాహువు కోరల్లో చిక్కిన సూర్యబింబం అంచులనుంచి కరిగిపోతోంది. ద్వారకా నగర్‌లో దుకాణాల తలుపులు బిగుసుకున్నాయి. రోడ్ల మీద నరమానవుడు లేడు. పట్టపగలే కమ్ముకొస్తున్న ఆ బూడిదరంగు చీకట్లో, సీతమ్మధార వెనక కొండ మీద ఓ గుడ్లగూబ వికృతంగా అరిచింది...

దానికి బదులన్నట్టు ఫ్రాన్సిస్ ఇంట్లోంచి నక్క ఊళ లేచింది!

ఊళ వేసింది అతని భార్య ప్రేమలీల. విరబోసిన జుట్టు... నిప్పుకణికల్లాంటి కళ్ళు... మంచం పట్టె కొరుకుతోంది. చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినిపించే ఆ గొంతు, కొన్ని వారాలుగా మనిషి మాటే మరిచిపోయింది. మందులూ అయ్యాయి, ప్రార్థనలూ అయ్యాయి. పక్కింటి విమలమ్మ ఆమె కాళ్ళు పట్టుకుంటే, ఫ్రాన్సిస్ చేతులు అదిమిపట్టి "లీలా... లీలా..." అని పిలుస్తూనే ఉన్నాడు.

ఫ్రాన్సిస్ రేవులో క్రేన్ నడిపేవాడు. అతని పక్క క్రేన్ అర్జునరావుది. ఇద్దరివీ వేరు కులాలు, వేరు దేవుళ్ళు. అయినా ఒకరికొకరు బావలు. సెలవు దొరికితే చాలు, కుందేళ్ళ వేటకు కలిసి పోయేవారు. అర్జునరావు భార్య గౌరీశ్వరి ఏదో రోగంతో ఎండిపోతుంటే, ప్రేమలీలే రోజూ జావ కాచి పట్టుకెళ్ళేది.

సంక్రాంతి వెళ్ళాక అర్జునరావు ఓ కోరిక కోరాడు. పరవాడలో తన పుచ్చతోటను నక్కలు పాడుచేస్తున్నాయనీ, తుపాకీ లైసెన్సు చేతికొచ్చిందనీ, మంచి రైఫిల్ ఏరిపెట్టమనీ. ఫ్రాన్సిస్‌కు అంతకన్నా ఇష్టమైన పని లేదు. రేవు దగ్గర పాత టౌనులో నజీర్ అహ్మద్ తుపాకుల కొట్టుకు తీసుకెళ్ళాడు. పెద్ద రైఫిల్ వద్దన్నాడు. దాంతో కుందేల్ని కొడితే చెవులు తప్ప మిగలవు, గురి తప్పితే తూటా పక్క ఊరిదాకా పోతుంది. పన్నెండు బోరు తుపాకీ రవ్వలు చర్మాన్ని జల్లెడ చేస్తాయి. చిన్న జంతువులకు పాయింట్ టూటూ రైఫిల్ చాలు: చప్పుడు తక్కువ, బరువు తక్కువ. కుందేలుకు గుండ్రటి మొన తూటా, మాంసం పాడవదు. నక్కకు మాత్రం మొన గుంటగా ఉన్నది. ఒంట్లోనే విచ్చుకుని ఆగిపోతుంది, అవతలికి దూసుకుపోదు. మూడు రైఫిళ్ళు భుజానికి ఆనించి చూసి ఒకటి ఏరాడు. నజీర్ అహ్మద్ తలాడించాడు.

అర్జునరావు అడిగింది ఒక్కటే. నక్క తల చెదరకూడదట. అయితే జబ్బ వెనక, పక్కటెముకల్లో కొట్టమన్నాడు ఫ్రాన్సిస్.

"మొదటి తూటా నువ్వే ఏరి, నీ సేత్తోనే నింపు బావా. నీ సెయ్యి మంచిది" అన్నాడు అర్జునరావు.

ఆ మాటకు ఫ్రాన్సిస్ పొంగిపోయి, తూటా ఏరి నింపాడు. ఆ రాత్రే పుచ్చతోటలో అర్జునరావు కాల్చాడు, నక్క పడింది. దాని తలను అర్జునరావు గోనెసంచిలో వేసుకుంటే, ఎందుకని కూడా అడగలేదు. ఆ మర్నాడే ప్రేమలీల మంచం పట్టింది...

ఇప్పుడు గుమ్మంలో ఓ నీడ కదిలింది. గౌరీశ్వరి! లేచి కూర్చోలేని మనిషి, తన కాళ్ళ మీద తాను నడిచొచ్చింది. చెంపల్లో రక్తం తిరిగింది. కానీ ఆ ముఖంలో సంతోషం లేదు. మొగుడూ, భీమశంకరరావనే మాంత్రికుడూ మాట్లాడుకున్నది చాటునుంచి విన్నానని చెప్పింది.

"అన్నయ్యా, నా ఒంట్లోకొస్తన్న ఊపిరి నాది కాదు. వదినది. కొండ కింద సున్నపు బట్టీలో ఉన్నారు. గ్రహణం ఇడిసేలోగా అంతా తీసేత్తారు."

ఫ్రాన్సిస్ విమలమ్మకు భార్యను అప్పగించి పరుగెత్తాడు. వెనకే గౌరీశ్వరి.

కొండ కింద జీడితోటలో, పాడుబడ్డ సున్నపు బట్టీ... లోపల ముగ్గు మధ్య హోమగుండం! కుంకుమ పూసిన నక్క కపాలం! దాని ముందు రక్తవర్ణ వస్త్రధారియై భీమశంకరరావు... ఆ కర్కశ మంత్రోచ్చారణకు బట్టీ గోడలు కంపిస్తున్నాయి! పక్కనే తల దించుకుని అర్జునరావు.

"ఏటిది బావా?" అన్నాడు ఫ్రాన్సిస్.

"గౌరి సచ్చిపోతంది. నాకింకో దారి నేదు."

"నా పెళ్ళామే దొరికిందా?"

అర్జునరావు తలెత్తలేదు. "నన్ను నమ్మినోడే తూటా ఏరాల, ఆడి సేత్తోనే నింపాలన్నాడీ మంత్రగాడు. అప్పుడే ఆడి ఇంటిదాని ఊపిరి గౌరికొస్తాదన్నాడు. నువ్వు కాక నన్నెవుడు నమ్మినాడు?"

ఫ్రాన్సిస్ ముందుకు ఉరికాడు. మాంత్రికుడు విభూది విసిరాడు; ఫ్రాన్సిస్ కాళ్ళు నేలలో దిగబడ్డట్టు ఆగిపోయాయి! సూర్యుడు సన్నటి గీతగా మిగిలాడు. కపాలం కంటిగుంతల్లోంచి నల్లటి పొగ... దాని వెనక రెండు పచ్చటి కళ్ళు...

"తీసుకో! ప్రేమలీల ప్రాణం తీసి గౌరీశ్వరికియ్యి!" గర్జించాడు భీమశంకరరావు.

గౌరీశ్వరి ఆ ముగ్గులోకి నడిచింది. ఏ మంత్రమూ ఆమెను ఆపలేదు.

"నాకొద్దు" అంది మెల్లగా. "వదినది వదినకి ఇచ్చీ."

భీమశంకరరావు ముఖం పాలిపోయింది. "నువ్వు కాదంటే అది పిలిసినోడి మీదకొస్తాది తల్లీ" అని చేతులు జోడించాడు. ఆమె వినలేదు. కపాలాన్ని రెండు చేతులా ఎత్తి రాతిమీద కొట్టింది. ఫెళ్ళున పగిలింది! ఆ పొగ సుడి తిరిగి మాంత్రికుడి నోట్లోకి, ముక్కులోకి, కళ్ళలోకి దూరింది... హృదయవిదారకమైన ఆర్తనాదం! ఆ కేక మనిషి గొంతుతో మొదలై నక్క ఊళగా ముగిసింది. నేలమీద మిగిలింది ఎండుకట్టెలాంటి కళేబరం!

సూర్యుడు మళ్ళీ వెలిగాడు. ఆ వెలుగులో గౌరీశ్వరి నెమ్మదిగా ఒరిగిపోయింది. ఫ్రాన్సిస్ పట్టుకునేసరికి ఆమె ఒంట్లో ఊపిరి లేదు. అదే క్షణాన, ఇంట్లో, ప్రేమలీల కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగిందని తర్వాత విమలమ్మ చెప్పింది.

మర్నాడు గౌరీశ్వరి పాడెకు ఫ్రాన్సిస్ భుజం పట్టాడు. శ్మశానంలో అంతా అయ్యాక అర్జునరావు అతని కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఒక్క మాట, తిట్టయినా సరే, అనమని బతిమాలాడు.

ఫ్రాన్సిస్ చితివైపు చూశాడు.

"అడిగితే నా ఊపిరి ఇద్దును బావా" అన్నాడు. "నువ్వు అడగనేదు."

కాళ్ళు విడిపించుకుని నడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి రేవులో వాళ్ళ క్రేన్లు పక్కపక్కనే నడిచాయి. కానీ బావా అన్న ఆ పిలుపు మళ్ళీ ఫ్రాన్సిస్ నోట ఎవరూ వినలేదు.