మూల షెడ్డులో ఊపిరి

ఆ వర్క్‌షాపులో మూల షెడ్డుకి చాలాకాలంగా చెడ్డపేరుంది.

పట్టపగలు కూడా అందులోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ఒక్క పానా తెచ్చుకోవాలన్నా ఇద్దరు వెళ్తారు. "తోడు రావోయ్, బరువుంటుంది" అంటారు పైకి. పానా ఏం బరువు? బరువంతా గుండెల్లో ఉంటుంది.

ఒకప్పుడు అది కార్లకి రంగు కొట్టే షెడ్డు. కిటికీల్లేవు. వెనక గోడకి గుండ్రటి కన్నం, ఆ కన్నంలో ఒక ఫ్యాను. అక్కడ పద్దెనిమిదేళ్ళు పనిచేసిన పెయింటరు ఊపిరితిత్తులు పాడై, రెండేళ్ళ కిందట ఆసుపత్రిలో పోయాడు. మనిషి ఆసుపత్రిలో పోయినా ఊపిరి మాత్రం షెడ్డులోనే ఉండిపోయిందని పనివాళ్ళు చెప్పుకునేవాళ్ళు. మొదట్లో అది వట్టి మాటే. ఎవరూ ఏమీ వినలేదు.

ఎర్ర కారు వచ్చాక విన్నారు.

అది రెండు తలుపుల స్పోర్ట్స్ కారు. వయసు ఇరవై దాటినా ఇంకా నేలకి అతుక్కుని దూకడానికి సిద్ధంగా ఉన్నట్టే ఉంటుంది. పెయింటరు చివరిసారి రంగు కొట్టింది దానికే. ఇన్నాళ్ళకి మళ్ళీ రిపేరుకొచ్చి అదే షెడ్డులో నిలబడింది. వచ్చిన మూడో రాత్రి, టైర్ల లోడు తెచ్చిన లారీ డ్రైవరు షెడ్డు గోడ పక్కన నడుస్తూ ఆగిపోయాడు. టైము రెండయింది. తాళం వేసిన షెడ్డులో ఎవరో గాలి పీలుస్తున్నారు... పొడుగ్గా... ఆగి... మళ్ళీ పొడుగ్గా.

లోడు దించకుండానే వెళ్ళిపోయాడట.

తెల్లారేసరికి కథ వర్క్‌షాపంతా పాకింది. "తన చేతి రంగు వెతుక్కుంటూ వచ్చాడు" అన్నారొకరు. "కారులో గడియారం చూశారా? సాయంత్రం సరిచేసి పెడుతున్నాం. పొద్దున చూస్తే టైము తప్పి, మళ్ళీ పన్నెండు నుంచి లెక్కపెడుతోంది" అన్నారు కొన్నాళ్ళకి ఇంకొకరు.

నాడి మేస్త్రీ మాత్రం నవ్వాడు.

బానెట్ మీద చెయ్యి వేసి ఇంజను జబ్బు చెప్పేస్తాడని ఆయనకా పేరు. ఒకప్పుడు మంచి మాటకారి కూడా. గేటు ముందు మీటింగుల్లో బల్లెక్కి, "ఒకరికి తగిలిన దెబ్బ అందరికీ తగిలినట్టే" అని అరిస్తే గోడ మీది కాకులు లేచిపోయేవి. "దెయ్యాలు లేవు, ఉన్నది దోపిడీ ఒక్కటే" అని కూడా ఆయనే అనేవాడు. చప్పట్లు మోగేవి. ఆ చేతుల్లో రంగు మరకలున్న చేతులు రెండుండేవి.

పెయింటర్ని ఆయన 'బావా' అని పిలిచేవాడు. చుట్టరికమేమీ లేదు. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని క్యారియర్లు విప్పుకున్న చనువు. అలా పెయింటరు భార్య ఆయనకి చెల్లెలైంది. ఆయన్ని నోరారా 'అన్నయ్యా' అనేది.

భర్త పోయాక ఓనరు ఆమెకి వర్క్‌షాపులో రాత్రి కాపలా పనిచ్చాడు. జాలిగుండె అన్నారు అందరూ. జాలీ కాదు, గుండే కాదు, అది నోటికి వేసిన తాళం. ఆమె పనికి ఒప్పుకుంది కానీ తాళానికి ఒప్పుకోలేదు. కార్మిక శాఖలో కేసు వేసింది. ఫ్యాను పనిచెయ్యలేదు, మాస్కు ఇవ్వలేదు అని ఆమె మాట. ఫ్యాను రోజూ తిరిగేది, మాస్కు ఇస్తే అతనే పెట్టుకోలేదు అని ఓనరు మాట. ఓనరు మాటకి దన్నుగా ఒక కాగితం ఉంది... తోటి కార్మికుడి సాక్ష్యం, కింద సంతకం. ఆ సంతకం ఎవరిదో ఆమెకి తెలియదు. సోమవారం విచారణలో ఆ ఫైలు విప్పుతారు.

ఎవరిదో నాడి మేస్త్రీకి తెలుసు. ఆయనదే.

ఆ రోజు ఓనరు ఏసీ గదిలో కూర్చోబెట్టి, చల్లటి నీళ్ళ గ్లాసు ముందుకి జరిపి, "పెద్ద మేస్త్రీగా నిన్నే అనుకుంటున్నానయ్యా" అన్నాడు. రెండో చేత్తో కాగితం జరిపాడు. ఆ మాటకీ ఈ కాగితానికీ ఏ సంబంధమూ లేదన్నట్టు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. హక్కులు అడుక్కునేవి కావు, తెచ్చుకునేవి అని బల్ల గుద్దిన చెయ్యి కుదురుగా సంతకం పెట్టింది. కాస్త వణికినా గౌరవంగా ఉండేది. వణకలేదు.

ఇప్పుడు కారు సంగతి.

ట్యాంకులో పెట్రోలు ఆవిరవుతూ ఉంటుంది. ఆ ఆవిరి బయటికి పోకుండా కారు దాన్ని పట్టి, బొగ్గు నింపిన ఒక డబ్బాలో దాచి, ఇంజనుకి పంపుతుంది. ఎక్కడైనా చిల్లి పడిందంటే డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. దీపం వెలిగితే పొల్యూషన్ పరీక్ష నెగ్గదు. నెగ్గకపోతే అంత పాత కారు రోడ్డెక్కడానికి లేదు. చూడండి, కారు వదిలే ఆవిరికి ఒక దీపం ఉంది, ఒక పరీక్ష ఉంది, ఒక ముద్ర ఉంది. ఆ కారుకి రంగు కొట్టినవాడు పద్దెనిమిదేళ్ళు పీల్చినదానికి ఏ దీపమూ వెలగలేదు.

మేస్త్రీ గొట్టాల్లోకి పొగ ఊది చూశాడు. వెనక చక్రం దగ్గర దారంలాంటి పొగ లేచింది. అక్కడ గొట్టం పగిలి ఉంది. మార్చాడు. దీపం ఆర్పాడు. లెక్కప్రకారం పని అయిపోవాలి.

అవలేదు. చిల్లి పూడిందో లేదో కారు తనంతట తనే పరీక్షించుకుని తేల్చుకోవాలి. అది తేలేదాకా పొల్యూషన్ కేంద్రంలో బండిని ముట్టుకోరు. మేస్త్రీ రోజూ సాయంత్రం కారు తిప్పి తెచ్చి తొమ్మిదింటికి షెడ్డులో పెట్టడం, పొద్దున్నే కారు లోపాలు చదివే స్కానరు తగిలించడం. స్కానరు రోజూ ఒకటే మాట — పరీక్ష పూర్తికాలేదు. ట్యాంకు మూత మార్చాడు. వాల్వు మార్చాడు. మూడు వారాలు గడిచాయి. అదే మాట.

కారు గలాయన పళ్ళ డాక్టరు. "నా దగ్గరకొచ్చినవాళ్ళు నోరు తెరిస్తే పుచ్చు ఎక్కడుందో చెప్పి పంపించేస్తాను మేస్త్రీ. మీరు మూడు వారాలుగా నా బండి నోరు తెరిపించే కూర్చోబెట్టారు" అన్నాడు. పరీక్షకి ఆఖరి గడువు శనివారం.

ఓనరు అందుకున్నాడు. "మా నాడి మేస్త్రీకి నాడి దొరకట్లేదండీ. వయసు మీద పడింది."

గడియారం మాట చెవిన పడ్డప్పుడు మేస్త్రీకి వెలిగింది. గడియారం మొదటికొస్తోందంటే రాత్రిపూట ఎవరో బ్యాటరీ వైరు పీకుతున్నారు. వైరు పీకితే కారు జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోతుంది. అందుకే అది రోజూ అప్పుడే పుట్టినట్టు లేస్తోంది. దెయ్యాలకి వైరు విప్పే పదో నంబరు పానాతో పనేముంది? ఎవడో గిట్టనివాడు.

శుక్రవారం రాత్రి గేటు దగ్గర పెయింటరు భార్య కుర్చీలో కూర్చుని ఉంది.

"ఇంటికెళ్ళలేదేం అన్నయ్యా?"

"ఎవడో ఎర్ర కారు వైరు పీకుతున్నాడు చెల్లీ. నా పని పాడుచేసి, నన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తున్నాడు. ఈ రాత్రి షెడ్డులోనే ఉండి పట్టుకుంటాను."

ఆమె ముఖం అదోలా అయింది. టార్చి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. "నీ పని పాడవుతోందా... వైరు తీస్తే?"

"పాడవడమేంటి, నా ఉద్యోగమే పోయేట్టుంది."

ఆమె షెడ్డు వైపు ఒకసారి చూసింది.

"సోమవారం రమ్మన్నారన్నయ్యా" అంది చివరికి. "నువ్వు తోడొస్తే ధైర్యంగా ఉంటుంది. గేటు ముందు మాట్లాడినట్టు రెండు ముక్కలు మాట్లాడితే చాలు."

"చూద్దాంలే" అన్నాడు మేస్త్రీ, ఆమె చెప్పుల వైపు చూస్తూ.

వీధి చివర టీ తాగి వచ్చేసరికి పదకొండు. గేటు దగ్గర కుర్చీ ఖాళీగా ఉంది. రౌండుకి వెళ్ళిందనుకున్నాడు. షెడ్డు షట్టరు సగం ఎత్తి ఉంది, తన కోసమే తీసిపెట్టిందనుకున్నాడు. లోపలికి దూరి, షట్టరు దించి, లోపలినుంచి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకున్నాడు. లైటు ఆర్పి ఒక టైరు మీద కూర్చున్నాడు.

పన్నెండు.

కారు కనిపించదు. చీకట్లో అది ఉన్నచోట మాత్రం చీకటి ఇంకాస్త చిక్కగా ఉంది. పాత రంగు వాసన... రెండేళ్ళయినా వదల్లేదు.

ఒకటి.

ఎవరూ రాలేదు. కానీ షెడ్డులో తనొక్కడే లేడని ఎందుకో అనిపిస్తోంది. దెయ్యాలు లేవు అని లోపల్లోపల అనుకున్నాడు. దాని వెనకే వచ్చే దోపిడీ మాట గుర్తొచ్చి అక్కడితో ఆపేశాడు.

రెండు.

టక్ మని చిన్న చప్పుడు. తర్వాత...

ఎవరో గాలి పీలుస్తున్నారు. సన్నగా, పొడుగ్గా, పళ్ళ సందుల్లోంచి లాగుతున్నట్టు. ఎక్కడో రేకు మెత్తగా లోపలికి నొక్కుకుంది. మళ్ళీ పీలుపు... మళ్ళీ... వదలడం లేదు. పీల్చడమే.

ఆసుపత్రిలో పెయింటరు అలాగే పీల్చేవాడు. మేస్త్రీ చూడ్డానికి ఒక్కసారే వెళ్ళాడు. మంచం మీది మనిషి ఆయన చెయ్యి పట్టుకుని, పీలుపుకీ పీలుపుకీ మధ్య ఒక్కొక్క మాటే బయటికి తోశాడు. ఫ్యాను... సంగతి... నువ్వు చెప్పు బావా... నీకు మాట... వచ్చు...

మేస్త్రీ లేచి నిలబడ్డాడు. కాళ్ళు షట్టరు వైపు వెళ్ళాలి. వెళ్ళలేదు.

"బావా..."

ఊపిరి సాగుతూనే ఉంది.

"ఫ్యాను తిరగలేదు బావా. నువ్వు మంచం పట్టేనాటికే మోటారు కాలిపోయి ఏడాదిన్నర. విప్పి చూసింది నేనే. మార్చాలని ఓనరుకి చీటీ రాసింది కూడా నేనే. అన్నీ తెలిసి... తిరిగిందని రాసిచ్చాను. ఆ సంతకం నాది. మాస్కులిచ్చారని రాసింది నేనే. నువ్వు పోయిన పదో రోజున. నీ పెళ్ళాం అన్నయ్యా అంటుంటే నేల చూసి మాట్లాడుతున్నాను బావా. రెండేళ్ళనుంచి దాని ముఖం చూడలేదు నేను."

ఊపిరి ఆగిపోయింది.

షెడ్డంతా నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దంలో, మూలనున్న రంగు డబ్బాల వెనకనుంచి... ఎవరో నెమ్మదిగా ఊపిరి వదిలారు.

డబ్బా ఒకటి కదిలింది. టార్చి వెలిగింది. వెలుతురు ముందు నేల మీద, తర్వాత కారు మీద, తర్వాత ఆయన ముఖం మీద పడింది.

"అది ఆయన కాదు" అంది పెయింటరు భార్య.

ఆమె డబ్బాల మధ్యనుంచి లేచి నిలబడింది. గొంతులో ఏ మార్పూ లేదు. అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది.

"ఆయన ఊపిరి నాకు తెలియదా? అది కారు చేసే చప్పుడు. వెనక చక్రం దగ్గర చెయ్యి పెడితే పిల్లి గుర్రుమన్నట్టు ఉంటుంది."

మేస్త్రీ వంగి చెయ్యి పెట్టాడు. చిన్న మోటారు. ఇంకా వెచ్చగా ఉంది. చేతికి అర్థమయ్యాక ఆయనకి అర్థమైంది. కారు ఆపిన అయిదు గంటలకి, అందరూ నిద్రపోయాక, అది లేచి ట్యాంకులోని గాలి పీల్చి చూసుకుంటోంది, ఎక్కడైనా చిల్లి ఉందా అని. స్కానరు అడుగుతున్న పరీక్ష ఇదే. రోడ్డు మీద పరుగులో చేసుకుంటుందనుకున్నాడు ఆయన.

"వైరు తీసేది నేనే" అంది ఆమె. "ఆ చప్పుడు ఎవరి చెవిన పడ్డా తెల్లారాక ఆయన్ని దెయ్యం దెయ్యం అని నవ్వుకునేవాళ్ళు. వినలేకపోయాను. నల్ల వైరు తీస్తే కారు కిక్కురుమనదని ఆయనే చెప్పేవాడు ఒకప్పుడు. చప్పుడు మొదలవగానే తీసేసి, తెల్లారేలోపు మళ్ళీ పెట్టేదాన్ని. అంతకుమించి నాకేమీ తెలియదు. నీ ఉద్యోగానికే ముప్పొచ్చిందని ఇందాక నువ్వు చెబితే తెలిసింది."

ఆగింది.

"నేనే అని చెబుదామని ముందే వచ్చి కూర్చున్నాను. నువ్వొచ్చి లైటు ఆర్పేసరికి నోరు రాలేదు. నీకంత అన్యాయం చేశానని సిగ్గేసింది. మూడు గంటలనుంచి ఇక్కడ కూర్చుని, నీకు ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటున్నాను."

టార్చి ఆయన ముఖం మీదనుంచి కదల్లేదు. ఒక వైరు పీకినందుకు సిగ్గుపడిన మనిషి ముందు ఎక్కడ నిలబడాలో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో మేస్త్రీకి తెలియలేదు. దెయ్యమే అయ్యుంటే ఎంత బాగుండేది. పారిపోవచ్చు.

"చెల్లీ..."

"తాళం తియ్యి."

జేబులోంచి తాళంచెవి తీయబోతే కిందపడింది. ఆమె టార్చి చూపించింది. మోకాళ్ళ మీద కూర్చుని వెతుక్కున్నాడు. షట్టరు ఎత్తాక ఆమె వంగి బయటికి వెళ్ళి, గేటు వైపు నడిచి, కుర్చీలో కూర్చుంది. డ్యూటీ ఇంకా నాలుగు గంటలుంది.

పొద్దున స్కానరు తగిలిస్తే పరీక్ష పూర్తయింది, లోపం లేదు అని వచ్చింది. మధ్యాహ్నానికి కారు నెగ్గింది. పళ్ళ డాక్టరు చెయ్యి కలిపాడు. ఓనరు భుజం తట్టి, "నాడి దొరికిందయ్యా" అని నవ్వాడు. ఆ తట్టిన భుజాన్ని సాయంత్రం నల్లా కింద చాలాసేపు కడుక్కున్నాడని చూసినవాళ్ళు చెప్పారు.

సోమవారం పొద్దున్నే మేస్త్రీ కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళాడు. ఎవరూ పిలవలేదు. ఓనరు కుర్చీలోంచి లేచి, "నువ్వెందుకొచ్చావ్?" అన్నా ఆగలేదు. షెడ్డు, ఎర్ర కారు, రాత్రి విన్న ఊపిరి... అన్నీ వరసగా చెప్పుకుపోయాడు. ఈ కథ నలుగురి నోళ్ళలో పడింది అక్కడినుంచే.

"దెయ్యం సంగతి వద్దు, ఫ్యాను సంగతి చెప్పండి" అన్నాడు అధికారి.

చెప్పాడు. మొదటి కాగితం అబద్ధమన్నాడు. సంతకం తనదేనన్నాడు. పెద్ద మేస్త్రీ పని ఎలా వచ్చిందో కూడా చెప్పాడు. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గుమాస్తా ఒక్కొక్క మాటే రాసుకున్నాడు.

రాయడం అయ్యాక అధికారి కలం ఆమె వైపు చూపిస్తూ, "ఈవిడ మీకేమవుతారు?" అని అడిగాడు.

మేస్త్రీ నోరు తెరిచాడు. రెండేళ్ళలో మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

ఆమె అధికారి వైపే చూస్తూ చెప్పింది. "ఏమీ కానండీ. ఆయన మేస్త్రీ గారు. మా వర్క్‌షాపులో పనిచేస్తారు."