డోరు మీది చెయ్యి

యెరుతికి మాటిచ్చి కూడా, ఆ పిల్ల పడుకున్న వేళ చూసి, కారు డోరు మీది చేతి గుర్తుకు రంగు పూసేశాను. జరిగిన తప్పు ఇదే. మిగతాదంతా దీని వెనకాల వచ్చింది.

విల్యారికా ఊరి చివర మా ఇల్లు. మా ఆయన ఎలాదియో కారు బాగా పాతది. బంపర్లు, చక్రాల చుట్టూ ఉండే పట్టీలు, డోర్ల కింది సగం అంతా నల్ల ప్లాస్టిక్. పరాగ్వే ఎండకు ఆ నలుపు బూడిద రంగుకు తిరిగిపోయింది. వేలితో రాస్తే సుద్దపొడిలా అంటుకునేది. ముందు సీటు పక్క డోరు మీద ఒక్కచోట మాత్రం నలుపు పోలేదు. అక్కడ ఐదు వేళ్లూ అరచెయ్యీ స్పష్టంగా కనిపించేవి. ఆడ చెయ్యి.

అది ఆయన మొదటి భార్య మిర్నాది. కారులో కూర్చున్నంతసేపూ కుడిచెయ్యి కిటికీలోంచి వేలాడేసి డోరును తడుతూ ఉండేదట. తలకూ చేతులకూ కొబ్బరినూనె రాసుకునే మనిషి. ఏళ్ల తరబడి దిగిన జిడ్డు ఆ చోటును ఎండ నుంచి కాపాడింది. బడిలో రసాయనశాస్త్రం చెబుతాను కాబట్టి ఆ మాత్రం నాకు తెలుసు. మిర్నా జ్వరంతో పోయింది. ఆ తర్వాత రెండేళ్లకు నేనొచ్చాను.

ఆమె కూతురు యెరుతి కారెక్కే ముందు రోజూ ఆ గుర్తులో తన చెయ్యి పెట్టేది. తాళాలు పట్టుకుని నేను పక్కన నిలబడేదాన్ని.

"టీచర్, రంగేసేటప్పుడు దీన్ని వదిలేస్తావు కదా?" అని అడిగింది ఓ ఉదయం. ఇంట్లో కూడా నన్ను టీచరనే పిలుస్తుంది.

"వదిలేస్తాలే. ఎక్కు."

"చుట్టూ టేపు అంటిస్తావా?"

"అంటిస్తానన్నాగా. ఎక్కు తల్లీ, గంట కొట్టేస్తారు."

శనివారం ఎలాదియో లారీలో అసున్సియోన్‌కు లోడు తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వీధిలో అన్ని కిటికీలూ మూసుకున్నాయి. ఆ వేళ మా ఊళ్లో కుక్కలు కూడా లేవవు. యెరుతిని పడుకోబెట్టి, గదికి బయట గడియ పెట్టి, బకెట్టు తీసుకుని పెరట్లోకి వెళ్లాను.

కంచె అవతల ఎవుస్తాసియా పిన్ని చల్లటి ఆకు కషాయం, తెరెరె గ్లాసుతో నిలబడి ఉంది. నిద్రకు ముందు ఆఖరి గుక్క.

"ఈ వేళప్పుడు బయట తిరిగేవి తొండలూ, బుర్ర తిరిగినవాళ్లూ. నువ్వు ఏ రకమే?"

"తొండని, పిన్నీ."

"పిల్లేది?"

"పడుకుంది. బయట గడియ పెట్టా."

"మంచి పని చేశావు. ఆ పొట్టివాడు ఈల వేస్తూ తిరిగే వేళ ఇది. నీ చదువుతో వాడికేం పని, పిల్ల దొరికితే చాలు."

పిల్లల్ని ఎత్తుకుపోయే జాసి జాతెరె గురించి ఆమె భయం. మా దగ్గర ఆ వేళ ప్రతి ఇంట్లోనూ పిల్లల గదికి గడియ పడేది వాడి కోసమే. నేను పెట్టింది వాడి కోసం కాదు. పిల్ల లేచొచ్చి నేను చేసేది చూడకూడదని. ఆమె మెచ్చుకుంటుంటే తలెత్తలేకపోయాను. ఆమె లోపలికి వెళ్లాక పని మొదలుపెట్టాను.

సబ్బునీళ్లతో కడిగాను. స్పిరిట్‌తో తుడిచాను. గరుకు కాగితంతో రుద్దాను. మిగతా చోట్ల ఎంత రుద్దాలో అంతే రుద్దాను. ఆ చేతి మీద మాత్రం అవసరానికి మించి, పళ్లు బిగించి రుద్దాను. చచ్చిపోయిన మనిషి మీద ఆ పంతం దేనికో ఇప్పుడు చెప్పాలంటే సిగ్గుగా ఉంది. గుర్తు పోయింది. తెరిచి ఉన్న కిటికీకి పాత వార్తాపత్రిక అంటించి, అడుగు పూత వేసి, ఆరాక నల్లరంగు కొట్టాను. డోరు తళతళలాడింది.

అప్పుడే కీచురాళ్లు ఆగిపోయాయి.

గాలి లేదు. రంగు వాసన ముక్కుకు ఘాటుగా తగులుతూనే ఉంది. దాని కిందనుంచి మెల్లగా ఇంకో వాసన... కొబ్బరినూనె. ఎండకు వెచ్చబడ్డ జుట్టు వాసన.

జిడ్డు సరిగ్గా పోలేదనుకున్నాను. జిడ్డుంటే రంగు పట్టదు, అంతే.

టక్... టక్...

గోళ్లతో ప్లాస్టిక్‌ను తడుతున్న చప్పుడు. నేను డోరు ముందే ఉన్నాను. కిటికీకి అంటించిన కాగితం లోపలినుంచి బయటికి ఉబ్బింది. మోచెయ్యి ఆనించినట్టు. టేపు ఒక మూల ఊడింది.

టక్...

తడి రంగు మీద చెయ్యి పడింది. వేళ్లు ఒక్కొక్కటే పడ్డాయి. అరచేతి గీతలతో సహా అంత మేర రంగు లేచిపోయింది. ఎవరో అద్దుకుని తీసుకెళ్లినట్టు.

నేల మీద నల్లటి చుక్క. రెండడుగుల అవతల ఇంకోటి. ఇంకోటి... ఇంటి వైపు.

పరిగెత్తాను. గది తలుపుకు గడియ వేసింది వేసినట్టే ఉంది. లాగితే అది ఓ పట్టాన రాలేదు. ఆ పిల్లను లోపల పెట్టి బంధించింది నేనే.

తలుపు తెరిచాను. యెరుతి పక్కకు తిరిగి పడుకుని ఉంది. చెంప మీద నల్లటి చెయ్యి. బొటనవేలు గడ్డం కింద, మిగతా వేళ్లు చెవి దాకా. జుట్టు నూనెతో నిగనిగలాడుతోంది. పాపిడి సూటిగా తీసి ఉంది. ఒకవైపు జడ బిగువుగా అల్లి ఉంది. రెండోవైపు జుట్టు దిండు మీద విడిగా పరిచి ఉంది.

నేను ఆ ఇంటికొచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా ఆ పిల్ల తల దువ్వలేదు.

"యెరుతీ," అన్నాను.

పిల్ల కళ్లు తెరవలేదు.

"వెళ్లు టీచర్... ఇంకో జడ ఉంది."

పిల్లను ఎత్తుకుని బయటికి పరిగెత్తి ఉండాల్సింది. తల్లి అయితే అదే చేసేది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. వెనకాల దువ్వెన జుట్టులోంచి లాగుతున్న చప్పుడు. సర్... సర్... ఆగింది. మళ్లీ మొదలైంది. ఎంతసేపో తెలియదు. ఆఖరికి పెరట్లో కీచురాళ్లు అరిచాయి. తిరిగి చూస్తే రెండో జడ కూడా అయిపోయింది. గదిలో ఎవరూ లేరు.

సాయంత్రం, చెంప మీది రంగు తుడిచాక, యెరుతి డోరు దగ్గరికి వెళ్లింది. చెయ్యి చాచింది. వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకుంది. లోడు దింపి వచ్చిన ఎలాదియో, "కొత్తదానిలా మెరుస్తోందే. ఒకచోట మీ ఇద్దరిలో ఎవరో చెయ్యి పెట్టేశారు," అని నవ్వాడు.

"నాదే," అన్నాను.

మర్నాడు డోరు మీది రంగంతా గరుకు కాగితంతో రుద్ది తీసేశాను. అడుగున అంతా ఒకే బూడిద రంగు. గుర్తు లేదు. పిల్లకు మిగిలిన ఆ కాస్తా నా చేత్తోనే పోయింది.

అప్పటి నుంచి ఆ గదికి గడియ పెట్టను. మధ్యాహ్నం పిల్ల దిండు పక్కన దువ్వెన పెట్టి, బయటికొచ్చి, వసారాలో ఇంటికి వీపు పెట్టి కూర్చుంటాను. సాయంత్రానికి రెండు జడలుంటాయి. ఎవరు వేశారని ఎలాదియో అడగడు. నేనే అనుకుంటాడు.

మొన్న వేసవిలో అలా కూర్చునే కునుకు తీశాను. మెలకువ వచ్చేసరికి మెడ మీద ఏదో చల్లగా జారుతోంది. ముట్టుకున్నాను. నూనె. నా జుట్టుకు మధ్యపాపిడి తీసి ఉంది. ఎడమ జడ సగం దాకా అల్లి ఉంది. వెనకాల ఎవరో ఊపిరి బిగబట్టినట్టు...

ఆ సాయంత్రమే జుట్టు చెవుల పైకి కత్తిరించుకున్నాను. బళ్లో అడిగితే ఎండలని చెప్పాను. మళ్లీ పెరగనివ్వలేదు.