పచ్చగా చచ్చిన గోధుమ

మూడో ఎండగది తలుపు తెరవగానే సెగ నాగలత ముఖానికి కొట్టింది. నలభై ఆరు డిగ్రీలు. లోపల సూర్యజిత్ గోధుమ నిలువెల్లా పచ్చగా నిగనిగలాడుతోంది. కప్పుకు వేలాడుతున్న, ఆకుల రంగు కొలిచే కెమెరాలు, ఆకుకళ్లు, ఆ పచ్చదనానికి మురిసిపోయి గోడమీద అంకె వేశాయి. వేడిని తట్టుకునే ఓర్పు సూచిక తొంభై ఏడు.

ఆమె ఒక వెన్ను తుంచి అరచేతిలో నలిపింది. పొట్టు. ఇంకొకటి నలిపింది. అదీ పొట్టే.

“సిగ్గులేనిదానా,” అంది మొక్కతో.

ఆకు వాడకుండా కాచే జన్యువును మూడింతలు చేసి పెట్టారు. పూత వేళ పుప్పొడి మాడకుండా కాచే జన్యువుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. పుప్పొడి ఆకుకళ్లకు కనబడదు. కనబడనిదాని కోసం ఈ కేంద్రంలో ఎవడూ చెమటోడ్చడు.

డైరెక్టర్ వామనరావు చలవకోటు తొడుక్కుని గుమ్మం బయటే ఆగాడు. ఆయన ఏ ఎండగదిలోనూ అడుగు పెట్టగా ఆమె చూడలేదు.

“ధ్రువపత్రం మీద ఇంకా వేలిముద్ర వెయ్యలేదేంటమ్మా? విత్తనాల లారీలు గేటు దగ్గరున్నాయి. మంత్రిగారు బయల్దేరారు.”

“గింజ లేదు సార్.”

“సూచిక తొంభై ఏడుంది కదా!”

“సూచికను మరపట్టించి రొట్టెలు చేసుకోమంటారా?”

ఆయన నవ్వాడు. పైవాళ్ల ముందు నవ్వీ నవ్వీ అరిగిపోయిన నవ్వు. “నీ చేతిమీద పుట్టిన హేమవల్లి రకం కూడా ఈ సూచికతోనే గట్టెక్కింది. పతకం పుచ్చుకున్నప్పుడు గింజ గుర్తు రాలేదేం?”

నాగలత ఆయన్ని తప్పించుకుని నేరుగా కొలతగదికి వెళ్లింది. ధ్రువీకర్తగా కొలమానం మార్చే హక్కు ఆమెకుంది. ఇంతవరకూ ఎవరూ వాడని హక్కు.

“ఆకు వద్దు. వేడిలో నిండిన గింజ బరువు తియ్యి,” అంది యంత్రంతో.

“అన్ని రకాలకూ వర్తిస్తుంది. హేమవల్లికి కూడా. సమ్మతమేనా?” అని అడిగింది యంత్రం.

“నీ పేరు కూడా మంటగలుస్తుంది, ఆలోచించుకో!” వామనరావు ఆయాసపడుతూ వచ్చాడు.

“కలవనివ్వండి,” అని ఆమె వేలు అద్దింది.

పలక మీద పేర్లు పైనుంచి ఎర్రబడ్డాయి. సూర్యజిత్ రెండు. హేమవల్లి పదకొండు. తన అంకె చూసి నాగలత పెదవి విరిచింది. సూచిక మాట వినే గేటు లారీల ముందు మూసుకుపోయింది. అడుగున, తోసేసిన రకాల్లో ఒక్క పేరు మాత్రం పచ్చబడింది: పాలకంకి, ఎనభై ఒకటి. ఆకు పెందలాడే పండిపోతుందని అందరూ దాన్ని కామెర్లమొక్క అని వెక్కిరించేవారు. అందరికంటే గట్టిగా వెక్కిరించింది నాగలతే.

“దాని విత్తనం ఎంతుంది?”

“నాలుగు బస్తాలు. ఇవాళ కాల్చెయ్యమన్నాం,” అన్నాడు వామనరావు.

ఆమె కొలిమిషెడ్డుకు పరుగెత్తింది. పోచయ్య మూడో బస్తాను కొలిమి నోటిదాకా ఈడ్చుకొచ్చాడు.

“ఆపు పోచయ్యా!”

“కాలవెట్టుమన్నది మీరే గద మేడం?”

“నేనే. బుద్ధి గడ్డి తిని చెప్పాను.”

మిగిలిన రెండు బస్తాలనూ ఒకదానిమీద ఒకటి వేయించి పైకెక్కి కూర్చుంది. కాసేపటికి వామనరావు ఇద్దరు గార్డులతో వచ్చాడు. మంత్రి కారు లారీల వెనక ఇరుక్కుని ఆగకుండా హారన్ కొడుతోంది.

“దిగమ్మా. మంత్రిగారికి నేనేం చెప్పాలి?”

“రమ్మనండి. ఇక్కడ వేడిగా ఉంటుంది, చలవకోటు విప్పుకుని రమ్మనండి.”

గార్డులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె దిగలేదు.