మూడు గడపల పొద్దుటి ముద్ద

మణిసాగర రాజ్యంలో పొద్దుపొడిస్తే చాలు, ఇంటింటా ఏడుపులే. పెనం మీది అట్టయినా, కుండలోని గంజయినా నోటిదాకా వచ్చేసరికి బూడిదయ్యేది. పొద్దుట ముద్ద దిగనివాళ్లకు ఇక ఆ రోజంతా ఏదీ గొంతు దిగేది కాదు. ఆకలని వాకిట్లో నిలబడ్డ మునిని రాజుగారు "పొద్దున్నే దాపురించావా!" అని గెంటించారు మరి, ముని శపించాడు. తప్పు రాజుది, శోష పసిపిల్లలది. ఇదెక్కడి న్యాయం, చెప్పండి?

కుమ్మరివారి కేతకికి చెల్లెలు వకుళ తప్ప నా అన్నవాళ్లు లేరు. ఆ పిల్ల ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది. కేతకి హడలిపోయి అడవికి పరుగెత్తి ముని కాళ్ల మీద పడింది.

"పరదేశంలో పరాయివాళ్లు పెట్టిన పొద్దుటి ముద్ద ఒక్కటి తిను, రాజ్యం మీది శాపం పోతుంది. మూడు గడపలే నీకు తెరుచుకుంటాయి. ఒక్కో గడపలో ఒక్కసారే అడుగుతారు, జాగ్రత్త!" అన్నాడు ముని. ఆయన పిలవగానే రెండు తలల గండభేరుండ పక్షి దిగింది. కేతకి దాని వీపెక్కింది.

మొదటిది మంచుకొండల దేశం. ఇంటావిడ ఉప్పూ వెన్నా వేసి కాచిన తేనీరు, వేయించిన బార్లీ పిండి ముద్ద తెచ్చి, "తింటావా, తల్లీ?" అని అడిగింది.

"అయ్యో, మీకెందుకండీ శ్రమ! ఇప్పుడే తిని వచ్చాను," అంది కేతకి. మణిసాగరంలో అయితే "భలేదానివే, కూర్చో!" అని కంచం ముందుకు తోసేవారు. ఆ రెండో మాట కోసమే కేతకి ఎదురుచూసింది. ఆవిడ మాత్రం సరేనని గిన్నె తీసుకుని తలుపు వేసుకుంది.

"నీ మొహమాటం మండ!" అని పక్షి రెండు నోళ్లతోనూ తిట్టింది. కేతకి తల బాదుకుంది.

రెండోది సముద్రం నడుమ దీవి. ఈసారి అవుననే తీరాలనుకుని వచ్చింది. కానీ ముసలి జాలరి దగ్గర ఉన్నది గిన్నెడు అన్నం, కాస్త చేపల చారు. ఇద్దరు మనవరాళ్లు ఆ గిన్నెకేసే చూస్తున్నారు. "తింటావా?" అని ఆయన అడిగితే, "తిన్నాను తాతా," అనేసింది. ఆ తలుపూ మూసుకుంది. కేతకి ఇసుకలో పడి గుండెలవిసేలా ఏడ్చింది. వకుళను తన చేతులతో తనే చంపుకున్నట్టనిపించింది.

మూడోది ఎడారి. గడపలో ఒక రాక్షసుడు రాత్రంతా ఉడికించిన చిక్కుడు గింజల్లో నూనె పోసుకుని, రొట్టె తుంచి నంజుకుంటున్నాడు. వాడి కోరలు చూసి కేతకి రెండడుగులు వెనక్కి వేసింది.

"తిన్నావా?" అని గర్జించాడు.

"ఇప్పుడే తి..." నాలుక చివరకు వచ్చేసింది. కేతకి పెదవి కొరుక్కుంది. "లేదు! తినలేదు. ఆకలితో చచ్చిపోతున్నాను. నేను తినకపోతే నా చెల్లెలు దక్కదు. పెట్టు!" అని ఏడుస్తూ దోసిలి పట్టింది.

రాక్షసుడు తెల్లబోయాడు. "ఓసి పిచ్చిదానా! అన్నం అడగడానికి ఇంత ఏడుపా?" అని చేతినిండా పెట్టాడు. వెక్కుతూనే తింది.

తిరిగొచ్చేసరికి వకుళ కదలడం లేదు. తన తప్పుకు సిగ్గుపడి ఆమె ఇంటికే వచ్చిన రాజు, కిరీటం తీసి కేతకి ముందుంచాడు. ఆమె అటు చూడనైనా లేదు. అట్టు పోసి, చిన్న ముక్క తుంచి వకుళ పెదవుల మధ్య ఉంచింది. ముక్క బూడిద కాలేదు. కానీ పిల్ల నమలడం లేదు. "తినవే, నా తల్లివి కదూ!" అని కేతకి బతిమాలింది. చాలాసేపటికి దవడ కదిలింది.

"అక్కా, ఇంకోటి," అంది వకుళ.

తర్వాత కేతకి ఆ రాజ్యాన్ని చల్లగా ఏలింది లెండి. ఆ పూట మాత్రం కిరీటాన్ని కాలితో పక్కకు జరిపి, రెండో అట్టు పోసింది.