శవానికి కట్టిన తాడు

ఆ పొద్దున కల్లూరులో ఇంటి మీద క్రిస్మస్ నక్షత్రం కడుతూ హెన్రీ సుత్తితో తన ఎడమ బొటనవేలినే కొట్టుకున్నాడు. గోరు నల్లగా కమిలిపోయింది. అక్క స్తుతి నూనె రాస్తూ కాసేపు తిట్టి, కాసేపు నవ్వి, మొగుడి వైపు తిరిగింది.

"నాకుండేది వీడొక్కడే తమ్ముడు. నీ ఎంబడి తీస్కపోతాండావు, నీ ఎంబడే తీస్కరావాల. నీళ్లల్లోకి మాత్రం దింపొద్దు."

"పడవలో కూచోని తాడు పట్టుకుంటాడు, అంతే," అన్నాడు లేవి.

లేవి విశాఖలో ఓడల అడుగున నాచు గీకే పనిలో చేరి, వీపుకు సిలిండర్ కట్టుకుని మునగడం నేర్చాడు. ఇప్పుడు కృష్ణ వెనక జలాల్లో పంపు గొట్టాలకు చుట్టుకున్న వలలు కోస్తాడు. ఎవరైనా మునిగిపోతే శవాన్ని తీసేదీ అతనే.

ఆ రోజు సుంకప్ప కోసం పోయారు. చేపలు పట్టే మనిషి, మునిగి మూడు రోజులైంది. నీళ్ల నడుమ దీవిలా మిగిలిన మొట్టెగుట్ట దగ్గర అతని పుట్టి పడవ బోర్లా పడి దొరికింది. డ్యాం కట్టకముందు ఆ గుట్ట కింద ఊరుండేది. ఆ ఇళ్ల గోడలు ఇంకా నీళ్లలో నిలబడే ఉన్నాయి. సుంకప్ప పెండ్లాం గిడ్డమ్మ ఒడ్డున కూచుని, ఏడవను కూడా ఓపిక లేక చూస్తోంది.

శవాలు తీసేవాళ్లకు అక్కడి బెస్తలు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. శవం చేతికి తాడు కట్టేముందు, తీయను దిగినవాడు తన నడుముకున్న తాడు విప్పేసుకోవాలి. పోయినవాడూ బతికినవాడూ ఒకే తాడు మీద పైకి రాకూడదు. అట్లా కట్టుకుంటే పోయినవాడు బతికినవాణ్ని వదలడట. చర్చికి పోయే లేవి ఇవన్నీ నమ్మనంటాడు గానీ, ఒక్కసారి కూడా తప్పింది లేదు.

"మూడుసార్లు గుంజితే పైకి లాగు," అని హెన్రీకి చెప్పి దూకాడు.

పైన మిట్టమధ్యాహ్నం. రెండు నిలువుల లోతుకు పోయేసరికి అంతా మసక. డిసెంబరు నీళ్లు ఎముకల్లోకి దిగుతున్నాయి. నోట్లో రబ్బరు వాసన, చెవుల్లో తన ఊపిరే.

ఒక గుమ్మంలో సుంకప్ప నిలబడి ఉన్నాడు. కాళ్లకు వల చుట్టుకుంది. ముఖం చేపలు తినేశాయి.

లేవి నడుము ముడి విప్పబోయాడు. వేళ్లు మొద్దుబారిపోయాయి. తడిసిన ముడి రాయిలా బిగుసుకుంది. ఒక్కసారికి ఏమైతాదిలే అనుకున్నాడు. తన నడుము తాడులోనే మిగిలిన కొసను శవం మణికట్టుకు కట్టి, మూడుసార్లు గుంజాడు.

తాడు బిగిసింది... ఆగిపోయింది. ఎక్కడో గోడరాళ్ల మధ్య ఇరుక్కుంది. మళ్లీ గుంజాడు. కదల్లేదు. పెనుగులాటకు బురద లేచి కళ్ల ముందు నల్లగా మూసుకుంది. లేవికి కట్టుబాటు గుర్తొచ్చింది.

అప్పుడు... వెనక నుంచి ఒక చెయ్యి.

భుజం మీది పట్టీని పట్టుకుంది. లాగింది.

లేవి కత్తి దూశాడు. రంపపు పళ్ల కత్తి, వలలు కోసేది. వెనక్కి పొడిచాడు. మెత్తగా దిగింది. మళ్లీ పొడిచాడు. చెయ్యి వదల్లేదు. ఆ వేళ్ల మీదే కోశాడు. ఎముక కరకరమంది. గొంతు అనుకున్నచోట ఇంకోసారి... నీళ్లు ఉప్పగా, వెచ్చగా పెదాలకు తగిలాయి. పట్టు సడలింది. నడుము చుట్టున్న తాడును కోసేసుకుని పైకి తన్నుకుపోయాడు.

పడవలో హెన్రీ లేడు.

కూచునే పలక మీద హెన్రీ చొక్కా మడిచి ఉంది. దాని మీద ఫోను మోగుతోంది. 'అక్క' అని కనబడుతోంది.

లేవి సిలిండర్ పట్టీ విప్పాడు. బకిల్‌లో ఇరుక్కుని తెగిన బొటనవేలు. గోరు నల్లగా కమిలి ఉంది.

పాతికడుగుల బావిలో మునిగి రాయి తెచ్చేవాడు హెన్రీ. తాడు ఇరుక్కుందని, బావను కాపాడుకుందామని దిగాడు. లేవి ఆ వేలిని గుప్పిట్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. స్తుతికి ఏ ముఖం చూపించాలి?

హెన్రీ పడవకు కట్టిపోయిన తాడు కదిలింది.

ఒకటి... రెండు... మూడు.

ఆ గుర్తు తెలిసింది హెన్రీకే. బతికుండాడు! లేవి పిచ్చిగా లాగాడు. ఇందాక ఇరుక్కున్న తాడు ఇప్పుడు బరువే లేకుండా వస్తోంది. కిందున్న మనిషే ఎక్కి వస్తున్నట్టుంది.

రెండు చేతులు పడవ అంచు పట్టుకున్నాయి. ఒక మణికట్టుకు లేవి వేసిన ముడి అట్లే ఉంది.

"బావా..." అంది హెన్రీ గొంతు, మెల్లగా. "చెయ్యియ్యి."

లేవి ఆ వేళ్లు లెక్కపెట్టాడు. పదీ ఉన్నాయి.